పెట్టుడు పండ్ల బంక నోట్లో అంటుకుపోతే ఇంట్లోనే ఎలా తీసుకోవాలి

రాత్రి పండ్ల సెట్టు తీసి గిన్నెలో వేశాక కూడా అంగిలికి, చిగుర్లకు బంక పొరలా అంటుకునే ఉంటుంది. నాలుకతో తోస్తే కదలదు. చన్నీళ్లతో పుక్కిలిస్తే పోవాల్సింది పోయి ఇంకా జిగటగా సాగుతుంది. దాన్ని వేలిగోరుతో గీకేవాళ్లు, చెంచా అంచుతో లాగేవాళ్లు, పొడి కొంగుతో రుద్దేవాళ్లు మన ఇండ్లల్లో చాలామందే ఉన్నారు. తెల్లారేసరికి చిగురు ఎర్రబడి, ఆ రోజంతా సెట్టు పెట్టుకోలేక గటక తాగి ఊరుకుంటారు. అంత బాధ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న సామానుతోనే పది నిమిషాల్లో నోరు శుభ్రమవుతుంది. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలిసి ఉండాలి.

ముందు ఆ బంక గుణం తెలుసుకోండి, మిగతా పద్ధతంతా దాన్నిబట్టే ఉంటుంది. మందుల షాపులో ఫిక్సాన్ లాంటి పేర్లతో దొరికే ఈ బంక పొడిగానూ ఉంటుంది, ట్యూబులో క్రీముగానూ ఉంటుంది. క్రీముల్లో ఎక్కువగా వాడే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అనే పదార్థం తడి తగిలితే నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. సెట్టుకూ చిగురుకూ మధ్య సందు నింపి పట్టు ఇచ్చేది ఆ ఉబ్బే. దానికి తోడు నెమ్మదిగా కరిగే ఇంకో రకం పాలిమర్ లవణాలు కలుపుతారు, సాయంత్రం దాకా పట్టు నిలబడేది వాటివల్ల. వీటన్నిటినీ పెట్రోలియం జెల్లీ, మినరల్ ఆయిల్ లాంటి జిడ్డులో కలిపి ట్యూబులోకి ఎక్కిస్తారు. పొడి రకాల్లో కొన్నిటికి కరాయా గమ్ ఆధారం. అది మరేదో కాదు, మన ఏటూరునాగారం, ఉట్నూరు వైపు అడవుల్లో తపసి చెట్టుకు గాటు పెడితే కారే బంకే. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో అదీ ఒకటి.

అంటే నీళ్లు తాగి ఉబ్బడమే దీని పని. అందుకే ఉత్త నీళ్లు పుక్కిలిస్తే ఇంకాస్త ఉబ్బి జారుడుగా అవుతుంది తప్ప ఊడి రాదు. వెచ్చదనంతో మెత్తబరచాలి, గుడ్డతో తుడిచి బయటికి తీయాలి, మొండికేసిన చోట నూనెతో జిడ్డును విడగొట్టాలి. అడుగంటిన గటక గిన్నెను ఎవరూ పొడిగా గీకరు కదా, నీళ్లు పోసి నాననిచ్చి తర్వాతే తోముతారు. ఇక్కడా అంతే.

అది నిజంగా సెట్టు బంకేనా?

నోట్లో అంటుకున్న ప్రతిదాన్నీ ఇంట్లో తీయకూడదు. కాబట్టి మొదలుపెట్టేముందు ఇది చూసుకోండి.

మెత్తగా, వేలికి సాగుతూ, తెల్లగానో లేత గులాబీ రంగులోనో ఉంటే అది సెట్టు బంక. కింద చెప్పే పద్ధతంతా దాని కోసమే.

ఈమధ్యే పండుకు క్యాపు వేయించుకున్నారు, చిగురు అంచున ఇసుక రేణువులా గట్టిగా ఏదో గుచ్చుకుంటోంది అంటే అది క్యాపును పట్టి ఉంచే సిమెంటు. కొద్ది నిమిషాల్లోనే గట్టిపడే సరుకు అది. మెత్తటి బ్రష్షుతో తోమినప్పుడు దానంతటదే రాలితే సరే, లేకపోతే పిన్నీసుతో పొడవకండి. క్యాపు వేసిన డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లండి, నిమిషాల పని. చిగురు లోపల మిగిలిపోతే అక్కడ వాపు, నెత్తురు మొదలవుతాయి. ముఖ్యంగా ఇంప్లాంటు (దవడ ఎముకలో బిగించే స్క్రూ) మీద క్యాపు వేయించుకున్నవాళ్లు దీన్ని అశ్రద్ధ చేయొద్దు.

పిల్లలకు క్లిప్పులు తీయించాక పండ్ల మీద గరుకుగా మిగిలే మచ్చలు వేరే. అది క్లిప్పులను పండుకు అతికించిన రెజిన్ అనే గట్టి జిగురు. దాన్ని తీసే ఉపాయం ఇంట్లో లేదు. డాక్టర్లు గిరగిరా తిరిగే చిన్న మొన, అంటే కార్బైడ్ బర్‌తో మెల్లగా అరగదీసి పాలిష్ చేస్తారు. నెయిల్ కట్టర్‌తో గిల్లితే రెజిన్‌తో పాటు పండు మీది ఎనామిల్ కూడా లేస్తుంది. ఎనామిల్ పోయిందంటే మళ్లీ పుట్టదు.

ఇంకొకటి ఉంది, మన దగ్గర ఎక్కువ జరిగేది. సెట్టు విరిగితే ఫెవిక్విక్‌తో అతికించి, పూర్తిగా ఆరకముందే నోట్లో పెట్టుకుంటారు. అది చిగురుకో పెదవికో అంటుకుంటే లాగొద్దు, తోలు లేచి వస్తుంది. గోరువెచ్చని నీళ్లు నోట్లో పట్టి ఉంచి ఉమ్ముతూ ఉండండి. ఉమ్మి తడికి గట్టిపడి, ఒకటి రెండు రోజుల్లో దానంతటదే ఊడుతుంది. ఊడిన ముక్కను మింగకుండా చూసుకోవాలి. విరిగిన సెట్టును మాత్రం డాక్టరు ద్వారా ల్యాబుకే పంపాలి. గమ్ముతో అతికిస్తే అతుకు వంకర పడి, ఆ తర్వాత ల్యాబు వాళ్లు కూడా సరిచేయలేని స్థితికి వస్తుంది.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు, అందులో అర చిన్న చెంచా ఉప్పు. ఉతికి ఆరబెట్టిన మెత్తటి పాత నూలు గుడ్డ ముక్కలు నాలుగైదు, పాత ధోవతిది అయితే మరీ మంచిది. లేదంటే మందుల షాపులో దొరికే గాజుగుడ్డ. సాఫ్ట్ అని రాసి ఉన్న బ్రష్షు, లేదా చిన్న పిల్లల బ్రష్షు. చెంచాడు కొబ్బరి నూనె గానీ నువ్వుల నూనె గానీ. చిన్న అద్దం, ఫోను టార్చి.

దూది వద్దు. దాని పోగులు బంకలో చిక్కుకుని, ఆ పోగులను ఏరడమే పెద్ద పనవుతుంది. బొచ్చు తువ్వాల కూడా అంతే.

మొదటి పని: సెట్టు తీయడం

చేతులు కడుక్కోండి. కింద మడిచిన తువ్వాల పరచండి, లేదా బేసినులో సగం నీళ్లు పోసి దాని మీదకు వంగండి. చేతిలోంచి జారి బండ మీద పడితే సెట్టు రెండు ముక్కలవుతుంది, దాని ఖర్చు మీకు తెలుసు.

బంక గట్టిగా పట్టి సెట్టే రాకపోతే కంగారుపడొద్దు. గోరువెచ్చని నీళ్లు నోట్లో పోసుకుని అర నిమిషం అటూ ఇటూ తిప్పి ఉమ్మండి. పెదవులు మూసి బుగ్గలు ఉబ్బించి గాలి నింపితే పై సెట్టు అంచు దగ్గర పట్టు సడలుతుంది. తర్వాత బొటనవేలు ముందు పండ్ల లోపలి వైపు పెట్టి పైకీ బయటికీ మెల్లగా కదపండి. కింది సెట్టు ఒక పక్క నుంచి లేపితే తేలిగ్గా వస్తుంది. చెంచా, చాకు దూర్చి ఎత్తడం మాత్రం ఎప్పుడూ వద్దు. లోహపు కొక్కేలున్న సగం సెట్టయితే ఒక్క కొక్కెం పట్టి లాగకండి, రెండు వైపులా సమంగా లేపండి.

రెండో పని: ఉప్పు నీళ్లు పట్టి ఉంచడం

పుక్కిలించడం కాదు, పట్టి ఉంచడం. గోరువెచ్చని ఉప్పు నీళ్లు ఒక గుక్క తీసుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి అంగిలికి తగిలేలా అర నిమిషం ఉంచండి. తర్వాత బుగ్గల్లో తిప్పి ఉమ్మేయండి. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే పొర అంచులు లేస్తాయి. చిన్న చిన్న ముద్దలుగా కొంత బంక ఉమ్మితో పాటే వచ్చేస్తుంది.

నీళ్ల వేడి ముందు మణికట్టు మీద పోసుకుని చూడాలి. వయసు మీదపడ్డవాళ్లకు వేడి తొందరగా తెలియదు, షుగర్ ముదిరిన కొందరికి అసలే తెలియదు. నోరు కాలాక తెలుస్తుంది. చాయ్ తాగే వేడి పనికిరాదు, పసిపిల్లకు స్నానం పోసే వేడి చాలు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు నీళ్లు మింగకుండా ఉమ్మాలి. ఉప్పు అంటేనే భయమైతే ఉత్త గోరువెచ్చని నీళ్లు వాడినా పని జరుగుతుంది. చిగురు మీద ఎక్కడైనా ఒరుపుడు పుండు ఉంటే ఉప్పు చురుక్కుమంటుంది, అప్పుడు కూడా ఉత్త నీళ్లే మేలు.

మూడో పని: తుడవడం

అసలు పని ఇదే. మిగతావన్నీ దీనికి సాయం.

గుడ్డ ముక్కను చూపుడు వేలికి చుట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండండి. నీళ్లు కారకూడదు, తడిగా ఉండాలి. పై చిగురుతో మొదలుపెట్టండి. వెనక దవడ దగ్గర వేలు ఆనించి, కొద్దిగా ఒత్తి, ముందుకు లాగండి. ఎప్పుడూ ఒకే దిక్కుకు, వెనక నుంచి ముందుకే. అటూ ఇటూ రుద్దితే బంక పలచగా పరుచుకుంటుంది గానీ చేతికి రాదు. ఒక్కసారి లాగగానే గుడ్డ మీద బంక కనబడుతుంది. ఆ భాగాన్ని మడిచేసి శుభ్రమైన భాగంతో మళ్లీ లాగండి. మురికి పట్టిన భాగంతోనే తుడుస్తూ పోతే ఒకచోటి బంక ఇంకోచోట అంటుతుంది. గుడ్డ పొదుపు చేసేవాళ్లకు ఇక్కడే టైము వృథా.

అంగిలి దగ్గర జాగ్రత్త. ముందు పండ్ల వెనక ముడతలు ముడతలుగా ఉండే చోట బంక ఎక్కువగా ఇరుక్కుంటుంది, అక్కడ వేలిని చిన్న సున్నాలు చుడుతూ తిప్పాలి. మధ్య అంగిలి దాకా వెళ్లండి, ఇంకా వెనక మెత్తటి భాగం ముట్టుకుంటే వాంతి వచ్చినట్టవుతుంది. అలా వచ్చేవాళ్లు తల ముందుకు వంచి, ముక్కుతో గాలి పీలుస్తూ చేయాలి. తిన్న వెంటనే కాకుండా ఒక గంట ఆగి చేస్తే ఇంకా నయం.

కింది దవడలో బంక దాక్కునే చోట్లు వేరు. చిగురు మీద కంటే చిగురుకూ బుగ్గకూ మధ్య సందులో, నాలుక కింద పక్కల్లో ఎక్కువ పేరుకుంటుంది. నాలుకను పైకెత్తి, కింద రెండు పక్కలా ఒక్కోసారి వేలు తిప్పండి. బుగ్గను రెండో చేత్తో బయటికి లాగి పట్టుకుంటే సందు కనబడుతుంది. రోజూ ఉదయం నోట్లో తెల్లటి తీగలు సాగుతున్నాయని చెప్పేవాళ్లలో చాలామంది ఈ సందుల్ని ముట్టుకోరు.

నాలుగో పని: నూనె, అవసరమైతేనే

పైవన్నీ చేశాక కూడా ఎక్కడైనా జిగట మిగిలితే అప్పుడు నూనె. జిడ్డులో కలిపిన బంక కాబట్టి జిడ్డుకే లొంగుతుంది. నాలుగైదు చుక్కల కొబ్బరి నూనెను వేలికి రాసుకుని, బంక మిగిలిన చోట ఒక నిమిషం మెల్లగా మర్దన చేయండి. తర్వాత తడి గుడ్డతో వెనక నుంచి ముందుకు తుడిచేయండి. నీళ్లకు ససేమిరా కదలని రకాలు కూడా దీనికి విడుస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. గరిటెడు నూనె నోట్లో పోసుకుని పుక్కిలించే అలవాటు చాలామందికి ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లు, మింగేటప్పుడు పొలమారేవాళ్లు, మంచం మీద పడుకునే ఉండేవాళ్లు ఆ పని చేయకూడదు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకం నిమోనియా వస్తుంది, అది మామూలు మందులతో తొందరగా తగ్గేది కాదు. వాళ్లకు వేలి మీద చుక్కలతో రాయడం తప్ప ఇంకేదీ వద్దు.

నూనె వాడాక గోరువెచ్చని నీళ్లతో కడుక్కోవడం మర్చిపోకండి. జిడ్డు మిగిలితే పొద్దున కొత్తగా పెట్టిన బంక నిలబడదు.

ఐదో పని: బ్రష్షు

పండ్లు లేని నోటికి బ్రష్షు ఎందుకని అడుగుతారు. పండ్లు లేకపోయినా చిగురుంది, అంగిలుంది, నాలుకుంది. సాఫ్ట్ బ్రష్షు మీద బియ్యపు గింజంత పేస్టు వేసి ఈ మూడింటినీ ఒత్తకుండా తోమండి. బంక చివరి పొర, నూనె జిడ్డు, రెండూ దీంతో పోతాయి. తర్వాత నీళ్లతో పుక్కిలించండి.

వేపపుల్ల, బొగ్గు, పండ్లపొడి, గుల్ ఇక్కడ పనికిరావు. పండు మీద రుద్దినట్టు ఉత్త చిగురు మీద రుద్దితే గీతలు పడతాయి. గుల్‌లో పొగాకు ఉంటుంది, దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక టార్చి వేసి అద్దంలో చూడండి. నాలుకతో అంగిలిని తడమండి. నున్నగా, మామూలు తడితో ఉంటే అయిపోయినట్టే. ఎక్కడైనా సన్నటి పొర మిగిలినా దాని కోసం అర్ధరాత్రి దాకా కూర్చోకండి. నిద్రలో ఉమ్మికి అదీ మెత్తబడుతుంది, పొద్దున ఒక్క తుడుపుకు వస్తుంది. కొద్దిగా కడుపులోకి పోయినా భయం లేదు.

ఇవి నోట్లో పెట్టొద్దు

కిరోసిన్, థిన్నర్, స్పిరిట్, బ్లీచింగ్ నీళ్లు. ఇవి చెప్పాలా అనిపించొచ్చు, కానీ గోడ మీది బంకకు పనిచేసింది నోటికీ పనిచేస్తుందనుకునేవాళ్లు ఉంటారు. నిమ్మరసం, వెనిగర్ చిక్కగా రాస్తే చిగురు మండుతుంది, బంక మాత్రం అలాగే ఉంటుంది. వంట సోడాతో రుద్దినా అంతే. బ్లేడు, పిన్నీసు, పుల్ల గురించి వేరే చెప్పను.

సెట్టు నానబెట్టే మాత్రలు, అంటే క్లిన్సోడెంట్, పాలిడెంట్ లాంటివి, సెట్టుకే గానీ నోటికి కాదు. ఆ నీళ్లతో పుక్కిలిస్తే బంక పోతుందని కొందరు చేస్తుంటారు. అలాంటి మాత్రల్లో చాలావాటిలో పెర్సల్ఫేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటివల్ల అలర్జీలు, గొంతు కాలడం లాంటివి జరిగాయని 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కంపెనీలను పెట్టెల మీద హెచ్చరిక మార్చమని అడిగింది. నానబెట్టిన సెట్టును కూడా బాగా కడిగాకే నోట్లో పెట్టుకోవాలి.

సెట్టు మీది బంక కూడా ఆ పూటే పోవాలి

నోరు ఎంత శుభ్రం చేసుకున్నా, సెట్టు లోపలి వైపు పాత బంక ఉంటే దాని మీద కొత్త బంక వేస్తారు, మందం పెరుగుతుంది, మర్నాడు అదంతా మళ్లీ అంగిలికే. కాబట్టి సెట్టును గోరువెచ్చని నీళ్ల కింద పట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒక చుక్క వేసి, మెత్తటి బ్రష్షుతో లోపలా బయటా తోమండి. నోటికి వాడే బ్రష్షు వేరు, దీనికి వేరు. టూత్‌పేస్టు వద్దు, అందులోని గరుకుకు సెట్టు చేసిన యాక్రిలిక్ ప్లాస్టిక్ మీద సన్నటి గీతలు పడి, ఆ గీతల్లో మురికి చేరుతుంది. సలసల కాగే నీళ్లు అసలే వద్దు, సెట్టు ఆకారం మారుతుంది, ఇక ఎంత బంక పెట్టినా కూర్చోదు.

సంక్రాంతికి సకినాలు, మామూలు రోజుల్లో సర్వపిండి తిన్నవాళ్లు సెట్టును ఇంకోసారి వెలుగులో పెట్టి చూడాలి. నువ్వు గింజ ఒక్కటి బంకలో ఇరుక్కుంటే, సెట్టు ఒత్తిడికి చిగురును రోజంతా గుచ్చుతూ ఉంటుంది. మేడారం బంగారం నమిలినా ఇదే తంటా, బెల్లం జిగట బంక జిగటతో కలిసిపోతుంది. అలా అయితే నీళ్లలో పావుగంట నానబెట్టాకే తోమండి.

రాత్రి సెట్టు నోట్లో పెట్టుకుని పడుకోవద్దు. మంచినీళ్లున్న మూత డబ్బాలో వేయండి. చిగురుకు రాత్రంతా గాలి తగలాలి, ఉమ్మి తగలాలి. అంగిలి ఎర్రగా పూసినట్టయ్యే ఫంగస్ జబ్బు పగలూ రాత్రీ సెట్టు తీయనివాళ్లకే ఎక్కువ. షుగర్ ఉంటే ఇంకా తొందరగా పట్టుకుంటుంది.

రోజూ ఇంత బంక ఎందుకు మిగులుతోంది?

తీసే పద్ధతి కంటే ఇది ముఖ్యమని నా అభిప్రాయం. ఎక్కువ పెట్టడం వల్లే ఎక్కువ మిగులుతుంది. డాక్టర్లు చెప్పే లెక్క ఒక్కో సెట్టుకు బఠాణీ గింజంత బొట్లు మూడు నాలుగు, అంతే. కడిగి పూర్తిగా తుడిచి ఆరిన సెట్టు మీద, అంచులకు దూరంగా, విడివిడిగా పెట్టాలి. పొడి అయితే తడి సెట్టు మీద పలచగా చల్లి, మిగిలింది దులిపేయాలి. నోట్లో పెట్టుకుని గట్టిగా ఒత్తి, కొద్దిసేపు పండ్లు కలిపి ఉంచి, కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు చాయ్ తాగండి. పెట్టిన వెంటనే వేడి చాయ్ తాగితే పట్టుకునే బంక పట్టుకోకముందే కరిగి గొంతులోకి, బుగ్గల్లోకి జారుతుంది. పెట్టుకోగానే అంచుల్లోంచి బంక బయటికి పొంగిందంటే ఎక్కువైందని అర్థం. రేపు ఒక బొట్టు తగ్గించండి.

మూడు బొట్లతో నిలబడట్లేదు, ట్యూబు పిండితేగానీ ఆగట్లేదు అంటే తప్పు మీది కాదు, సెట్టు వదులైంది. పండ్లు పోయాక దవడ ఎముక ఏళ్లు గడిచేకొద్దీ అరుగుతూనే ఉంటుంది. సెట్లు పెట్టుకున్నవాళ్లను 25 ఏళ్ల పాటు గమనించి 1972లో టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు అచ్చువేసిన లెక్కల ప్రకారం, కింది దవడ పై దవడ కంటే దాదాపు 4 రెట్లు ఎక్కువ అరుగుతుంది. కింది సెట్టే ముందు ఊగడం మొదలుపెట్టేది అందుకే. సెట్టు చేయించినప్పటి దవడ ఇప్పుడు లేదు. ఆ ఖాళీని బంకతో పూడ్చడం వృథా. డాక్టరు లోపలి వైపు కొత్త పొర వేసి సరిచేస్తారు, రీలైనింగ్ అంటారు. కొత్త సెట్టు ఖర్చుకంటే అది చాలా తక్కువ. మరీ పాతదైతే కొత్తదే చేయించుకోవాలి.

ట్యూబు మీద ట్యూబు వాడేవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలియాలి. కొన్ని క్రీముల్లో పట్టు కోసం జింక్ కలిపేవారు. ఏళ్ల తరబడి విపరీతంగా వాడినవాళ్ల ఒంట్లో జింక్ పెరిగి, రాగి తగ్గి, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నడక తూలేదాకా వచ్చిన కేసులు 2008లో వైద్య పత్రికలో వచ్చాయి. 2010లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీ తన జింక్ ఉన్న క్రీముల తయారీ ఆపేసింది. మామూలుగా వాడేవాళ్లకు ఈ భయం లేదు. 68 గ్రాముల ట్యూబు, పైనా కిందా రెండు సెట్లున్న మనిషికి ఏడెనిమిది వారాలు రావాలి. మీ ఇంట్లో వారంలో అయిపోతుంటే బంక మార్చడం కాదు, సెట్టు చూపించుకోవాలి. కొనేటప్పుడు పెట్టె మీద జింక్ లేనిదని రాసుందేమో చూడండి.

ఇంట్లో పెద్దవాళ్లకు మీరు తీస్తుంటే

కూర్చోబెట్టి చేయండి, పడుకోబెట్టి కాదు. మెడ వెనక్కి వాలితే తడీ బంకా గొంతులోకి పోతాయి. చేతికి గ్లౌజు వేసుకోండి. వేలు పెట్టేముందు చెప్పండి: "బాపూ, ఇప్పుడు కింది దవడ తుడుస్తున్న, కొంచెం నోరు తెరువు" అంటే వాళ్లే సాయం చేస్తారు. చెప్పకుండా దూరిస్తే ఎవరైనా నోరు బిగిస్తారు. మతిమరుపు ముదిరినవాళ్లు అనుకోకుండా కొరుకుతారు, వాళ్లకు వేలికి బదులు బ్రష్షు కాడకు గుడ్డ గట్టిగా చుట్టి వాడండి. ఒక్కసారే అంతా తీయాలని పట్టుబట్టొద్దు. పై దవడ ఇప్పుడు, కింది దవడ కాసేపాగి. "అవ్వా, అయిపోయింది, ఊంచెయ్" అని మధ్యమధ్యలో ఉమ్మనివ్వండి.

బంక కాకపోతే

తెల్లగా కనబడేదంతా బంక కాదు. తుడిస్తే జిగటగా సాగి వచ్చి, కింద చిగురు మామూలు రంగులో ఉంటే బంక. పెరుగు తరకలా ఊడి, కింద ఎర్రగా, మంటగా ఉంటే ఫంగస్. ఎంత తుడిచినా రాకుండా తోలుకే పట్టినట్టున్న తెల్ల మచ్చ అయితే, ముఖ్యంగా జర్దా, ఖైనీ, గుట్కా అలవాటు ఉన్నవాళ్లకు, దాన్ని నూనెలతో రుద్దుతూ రోజులు గడపకండి. మచ్చ గానీ, పుండు గానీ రెండు వారాలు దాటినా మానకపోతే పండ్ల డాక్టరుకు చూపించాల్సిందే. నోరు తెరవడం కష్టమైనా, మింగుతుంటే నొప్పి ఉన్నా, నెత్తురు పడుతున్నా రెండు వారాలు కూడా ఆగొద్దు.

హనుమకొండలో నక్కలగుట్ట, బాలసముద్రం వైపు పండ్ల క్లినిక్కులు చాలా ఉన్నాయి. ఖర్చు భరించలేనివాళ్లు వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రి ఓపీలో చూపించుకోవచ్చు. హైదరాబాద్ వెళ్లగలిగితే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా ఆ రోజు సెట్టుకు బంక పెట్టకండి. బంకతో బిగించి వెళ్తే అది ఎంత వదులైందో డాక్టరుకు తెలియదు. సెట్టును నీళ్ల డబ్బాలో వేసుకుని, మీరు వాడే బంక ట్యూబును కూడా జేబులో పెట్టుకుని వెళ్లండి, దానిలో ఏముందో చూసి చెప్తారు.